కడిగిన బండి

లారీల అడ్డాలో అతన్ని అందరూ ముక్కు అని పిలిచేవాళ్లు. ముక్కు పెద్దదని కాదు, ఉన్నచోట ఊరుకోదని. టీ కొట్టు దగ్గర గ్లాసు అందుకుంటూనే "పాలు నిన్నటివి" అనేవాడు. పక్క బండి బ్రేకులు కాలుతున్నాయని దాని డ్రైవరు కంటే ముందు ఇతనికే తెలిసేది. భార్య కూరగాయల సంచి విప్పకముందే, అందులో ఒకటి కుళ్లిందని గుమ్మంలోంచే అరిచేవాడు. "దేవుడు మీకు ముక్కు పెట్టలేదండీ, పోలీసు కుక్కని పెట్టాడు" అనేది ఆవిడ.

పదమూడేళ్లు ఒకరి బండ్లు తోలి, ఆఖరికి సొంతానికి ఒక బండి కొనుక్కున్నాడు. బస్తాలు మోసేది కాదు. గోధుమో, ఇసుకో, బొగ్గో వెనక తొట్టిలో విడిగా పోసుకుని వెళ్లడం, తొట్టి పైకెత్తి గుమ్మరించి రావడం. ఇవాళ లోడు దొరికితే మళ్లీ మూడు రోజులు దొరకదు. దొరికినా వెళ్లేటప్పుడు నిండుగా, వచ్చేటప్పుడు ఖాళీగా. ఖాళీ బండి కూడా డీజిలు తాగుతుంది, పైగా సిగ్గు లేకుండా తాగుతుంది. సొంత బండి అంటే ఒకరి అనుమతి లేకుండా గోళ్లు గిల్లుకోవడమేనని రెండేళ్లలో అతనికి బాగా తెలిసొచ్చింది.

ఈ ఏడాది దాటేలోపు స్థిరమైన పని దొరక్కపోతే బండి అమ్మేసి, భార్య అన్న దగ్గర జీతానికి చేరాలని మొగుడూ పెళ్లాం మాట అనుకున్నారు. ఆ అన్నకి అడ్డాలో అయిదు బండ్లూ ఒక ఆఫీసు గదీ ఉన్నాయి. మనిషి చెడ్డవాడు కాదు. కానీ మాట్లాడేటప్పుడు ఎదుటివాడి భుజం మీద చెయ్యి వేసి, తియ్యడం మర్చిపోయే రకం. రోజూ ఆ చెయ్యి కింద బతకడం తలుచుకుంటే ముక్కుకి ఊపిరాడేది కాదు. ఏడాదిలో ఇంకా రెండు నెలలే మిగిలాయి.

అలాంటప్పుడు ఆ బావే ఒక పొద్దున ఇంటికొచ్చి, భుజం మీద చెయ్యి వేశాడు.

"బావా, నీ పంట పండింది. పిండి మిల్లు వాళ్లకి ఇంకో బండి కావాలట. గోడౌన్ నుంచి మిల్లుకి గోధుమలు. రోజుకి రెండు రౌండ్లు, ఏడాది పొడుగునా. అసలు విశేషం చెప్తా విను. మిల్లు వెనక వీధిలో ఎముకల ఫ్యాక్టరీ లేదూ? వాళ్ల పొడి గోడౌన్ దగ్గరున్న ఎరువుల డిపోకి వెళ్లాలి. పోయేటప్పుడు ఎముకల పొడి, వచ్చేటప్పుడు గోధుమలు. ఒక్క మైలు కూడా ఖాళీగా తిరగవు."

ఖాళీగా తిరగకపోవడం! బండి ఉన్నవాడికి ఇంతకంటే తియ్యటి మాట ఉండదు. అయినా ముక్కు ఊరుకోలేదు.

"ఎముకల పొడి పోసిన తొట్టిలో గోధుమలా?"

"ఊరికే పోస్తారేంటయ్యా? మధ్యలో కడిగించుకుంటావు. కడిగిన చీటీ చూపిస్తేగానీ గోడౌన్ గేటు తియ్యరు. పది రోజులు చూసి ఏడాదికి కాగితం రాస్తారు. నా పేరు చెప్పి ఇప్పిస్తున్నా, నా పరువు జాగ్రత్త."

బావ వెళ్లీ వెళ్లకముందే గోడ అవతల నుంచి పిన్ని వచ్చేసింది. పిన్ని అంటే చుట్టమేం కాదు, పక్కింటావిడ. వీధంతా ఆవిణ్ని రేడియో పిన్ని అంటుంది. ఆవిడ చెవిన పడ్డ మాట మధ్యాహ్నానికి సందు చివరికి, సాయంత్రానికి బస్టాండుకి చేరుతుంది. "పని దొరికిందట కదా అబ్బాయ్!" అంది. అతను తలూపేలోపే ఆవిడ గుమ్మం దాటి వెళ్లిపోయింది, ఇంకా చాలామందికి చెప్పాలి కదా.

మొదటి రోజు ఎముకల ఫ్యాక్టరీలో బండి గొట్టం కింద నిలబెట్టాడు. పొడి పడుతుంటే తల తిప్పుకున్నాడు. ఏదో ఎరువులాగా ఉంటుందనుకున్నాడు గానీ, అది పొడిలా నటిస్తున్న మాంసం. పసుప్పచ్చగా, జిడ్డుగా, మధ్యమధ్య వెంట్రుకలతో. ఆ వాసన ముక్కుతో పీల్చేది కాదు, నాలుక మీద వచ్చి కూర్చునేది. కిటికీలు బిగించుకుని, నోటికి తుండు కట్టుకుని డిపోకి తోలాడు. అక్కడ తొట్టి ఎత్తితే పొడంతా జారిపోయింది గానీ, గోడలకి జిడ్డు మాత్రం అలాగే ఉండిపోయింది.

డిపోకీ గోడౌన్‌కీ మధ్య బండ్లు కడిగే యార్డు. లోపల నాలుగు వాలు గట్లు, గోడకి చుట్టలు చుట్టిన నీళ్ల పైపులు. ఆఫీసు కిటికీ దగ్గర ఆరు బండ్ల డ్రైవర్లు వరసలో నిలబడి ఉన్నారు. గట్ల మీద ఒక్క బండీ లేదు. ఒక పైపు మూతిలో సాలెపురుగు కాపురం పెట్టింది.

ముక్కు బండిని గట్టెక్కించాడు. లోపల చీటీలకి ముద్రలేసే మనిషి పరిగెత్తుకొచ్చాడు. చొక్కా జేబు నిండా సిరా మరకలు.

"ఏం సార్, దారి తప్పారా?"

"కడిగించాలి."

"అయితే కిటికీ దగ్గరికి రండి, కడిగేస్తా."

"అక్కడెలా కడుగుతారు? బండి ఇక్కడుంటే!"

ఆ మనిషి అతన్ని జాలిగా చూశాడు. ఆ యార్డులో కడగడమంటే చీటీ మీద ముద్ర కొట్టడం. అది అందరికీ తెలిసిన భాష. వరసలో ఒకడు "నాది కడిగేశావా?" అని అరిస్తే, ఇతను "నీవి రెండూ కడిగేశా, ఎండబెట్టుకో" అని సిరా ఆరని చీటీలు చేతిలో పెట్టేవాడు. నిజంగా నీళ్లు కావాలన్నవాడు వచ్చి చాలా కాలమైనట్టుంది. పంపు ఎక్కడ ఆన్ అవుతుందో అతనికే గుర్తు లేదు.

చివరికి ముక్కే సాలెపురుగుని పక్కకి దింపి, పైపు పట్టుకుని తొట్టిలోకి దిగాడు. గంటన్నర కడిగాడు. మూలల్లో చీపురు పెట్టి గీకాడు. కాలవలోకి పచ్చటి నురగ, వెంట్రుకల ఉండలు, ఏవో ముక్కలు కొట్టుకుపోయాయి. రెండుసార్లు గట్టు దిగి వాంతి చేసుకున్నాడు. వరసలో ఉన్న డ్రైవర్లు సినిమా చూసినట్టు చూశారు.

గోడౌన్ గేటు దగ్గర తనిఖీ చేసేది ఒక చిన్నపిల్ల లాంటి ఉద్యోగిని. చేతిలో తెల్ల గుడ్డ. నిచ్చెనెక్కి, తొట్టి గోడ మీద గుడ్డ రాసి, వెలుతురులో పట్టుకుని చూస్తుంది. ముక్కు బండి మీద రాసిన గుడ్డని పిండితే నీళ్లు కారాయి.

"తడి ఉందండీ. గోధుమలు బూజు పడతాయి. ఆరాక రండి."

"ఇప్పుడే కడిగానమ్మా. కడిగితే తడి ఉండదూ?"

"ముందు నాలుగు బండ్లు వచ్చాయండీ. వాళ్లూ కడిగారు, చీటీలున్నాయి. ఎంత పొడిగా ఉన్నాయో!" ఆ పిల్ల నిజంగానే ఆశ్చర్యపోయింది.

ముక్కు పక్కకి జరిగి, ఎండలో బండి ఆరబెట్టుకుంటూ మిగతా బండ్లని చూస్తూ కూర్చున్నాడు. గేటుకి కాస్త ఇవతల ప్రతి బండీ ఆగేది. డ్రైవరు దిగి, సీటు కింద నుంచి ఒక డబ్బా తీసి, గుప్పెడు గోధుమ పిండి తొట్టి గోడలకి విసిరేవాడు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు పౌడరు. జిడ్డు మీద పిండి అంటుకుని గోడ తెల్లగా అయ్యేది. ఆ పిల్ల గుడ్డ రాస్తే తెల్లగానే వచ్చేది. "శుభ్రం" అని రాసుకునేది. కింద ఎముకల జిడ్డు, మధ్యలో పిండి పౌడరు, పైన జనం తినే గోధుమలు. ఇంతమంది ఇన్నాళ్లుగా ఇంత ధీమాగా చేస్తున్నారంటే, తను ఇన్నాళ్లూ తిన్నదేమిటో అని ముక్కు లెక్క వేసుకోబోయి, భయపడి మానుకున్నాడు.

ఆ రోజు ఒక్క రౌండే అయింది. మర్నాడూ, ఆ మర్నాడూ అంతే. మూడో రోజు గేటు దగ్గర ఒక కాగితం ఇచ్చారు, ఇంతకుముందు పోసిన మూడు సరుకులు రాయమని. అందరూ గోధుమ, గోధుమ, గోధుమ అని రాశారు. ఇతను ఎముకల పొడి అని రాశాడు. ఆ పిల్ల కంప్యూటర్లో వెతికి వెతికి, "ఇందులో ఆ మాట లేదండీ" అని, తనే కొట్టేసి, "ఇతరములు అని రాసుకుంటాను, పర్లేదా?" అని అడిగింది. మర్యాద గల పిల్ల.

సాయంత్రం బావ ఫోను. "బావా, రెండు రౌండ్లన్నారు, నువ్వు ఒకటి తోలుతున్నావు. పైగా బండిని తడిపి తీసుకెళ్తున్నావట! కడగమంటే నిజంగా కడుగుతారా ఎవరైనా? చిన్నపిల్లాడివా?"

భార్య ముందు గదిలో మిషను మీద లారీకి కప్పే పట్టా కుడుతోంది. సంగతంతా విని, సూది ఆపి, అతని మొహం చూసింది.

"అందరూ చేసేదేగా అండీ. మిల్లులో గోధుమల్ని జల్లిస్తారు, శుభ్రం చేస్తారు. పది రోజులే కదా. కాగితం రాశాక మీ ఇష్టమొచ్చినట్టు కడుక్కుందురు. లేకపోతే అన్నయ్య ఆఫీసు ముందు చేతులు కట్టుకుని నిలబడతారా చెప్పండి?"

చేతులు కట్టుకుని అన్న మాట సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది. నాలుగో రోజు ముక్కు కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాడు. ముద్రల మనిషి ఎంతో సంతోషించాడు. "రండి సార్ రండి, కడిగేద్దాం" అని, ముద్రని రెండుసార్లు సిరాలో అద్ది మరీ కొట్టాడు. పక్క డ్రైవరు తన డబ్బాలోంచి గుప్పెడు పౌడరు అప్పిచ్చాడు. తెల్ల గుడ్డ తెల్లగా వచ్చింది. "చూశారా, ఇవాళ ఎంత బాగా కడిగారో!" అని ఆ పిల్ల మెచ్చుకుంది. ముక్కు సిగ్గుతో చచ్చిపోయాడు. చచ్చిపోయీ రెండు రౌండ్లూ తోలాడు.

రెండో రౌండులో, మిల్లు గొయ్యి మీద తొట్టి ఎత్తాడు. గోధుమలు జలజలా జారాయి. వాటితోపాటు ఏదో తెల్లటిది టక్కున గొయ్యి ఇనపకమ్మీల మీద పడి ఆగింది. వంగి తీశాడు. పన్ను. బొటనవేలంత ఉంది, వేరుకి ఇంకా నల్లగా ఏదో అంటుకుని ఉంది. తన బండిలోంచి పడింది. కడగనందుకు పడింది. అతనికి ఇంకెవరి మీదా కోపం రాలేదు, తన చేతుల మీదే అసహ్యం వేసింది. పన్నుని తుండులో చుట్టి, తిన్నగా మిల్లు మేనేజరు గదికి వెళ్లాడు. పని పోతే పోనీ అనుకున్నాడు. ఇది చూస్తే ఆ మనిషి కుర్చీలోంచి ఎగిరి పడతాడనుకున్నాడు.

చల్లటి గది. బల్ల మీద గాజు సీసాల్లో రకరకాల గోధుమలు. మేనేజరు తుండు విప్పి చూసి, ఒక్క క్షణం బిగుసుకున్నాడు.

"మనిషిదా?"

"పశువుది సార్."

"హమ్మయ్య" అని మేనేజరు సొరుగు లాగి, అందులోని రేకు డబ్బాలో పన్నుని పడేశాడు. డబ్బాలో అది ఒంటరిగా పడలేదు, గలగలమంది. "ఇలాంటివి జల్లెడ మీద ఆగిపోతాయి లేవయ్యా. పెద్దవి కదా."

"మరి చిన్నవి?"

మేనేజరు గ్లాసు ఎత్తి నీళ్లు తాగాడు. "చిన్నవి చిన్నవే కదా."

తర్వాత అతన్ని కిందనుంచి పైదాకా చూసి, "గేటు దగ్గర తడి బండి అంటున్నారు, అది నువ్వేనా?" అన్నాడు. అవునంటే, ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు. ఇన్నేళ్లలో ముక్కుని కూర్చోమన్న మేనేజరు అతనొక్కడే.

"నీలాంటివాడి కోసమే మూడు నెలలుగా చూస్తున్నా. మాకు విడిగా ఒక మర ఉంది. వెనక షెడ్డులో. దానికి వచ్చే గోధుమలు నిజంగా కడిగి, నిజంగా ఆరబెట్టిన బండిలోనే రావాలి. ఇంతకుముందు తోలిన పెద్దాయనకి మోకాళ్లు పోయాయి. రోజుకి ఒక్క రౌండు చాలు. ఆరబెట్టుకునే టైముకి కూడా కిరాయి కట్టిస్తాం. ఏడాదికి కాగితం రేపే రాసేద్దాం."

"ఆ పిండి ఎవరికి సార్?"

"మా ఓనరు గారి ఇంటికి. వాళ్ల వియ్యంకుల ఇళ్లకి. మా స్టాఫు ఇళ్లకి. తనిఖీకి వచ్చే ఆఫీసర్లకి. వాళ్ల క్లబ్బుకి, పిల్లలు చదివే హాస్టలుకి. మొదట్లో రెండిళ్లేనయ్యా, పెరిగిపోయింది. సంగతి తెలిసినవాళ్లని జాబితాలో చేర్చక తప్పదు కదా." నవ్వి, బల్ల కింద నుంచి గుడ్డ సంచి తీశాడు. "నీకూ తెలిసిపోయింది కాబట్టి నువ్వూ చేరావు. నెలకో బస్తా. ముందు ఇది వాడి చూడు."

తెలిసి చేస్తున్నారు. ముక్కుకి అంతవరకూ ఎక్కడో ఒక మూల, పైవాళ్లకి తెలియదు, తెలిస్తే ఆపుతారు అన్న నమ్మకం ఉండేది. తెలిసినవాళ్లు ఆపలేదు. తమ మట్టుకు తాము వేరే మర పెట్టుకున్నారు. "రేపు చెప్తాను సార్" అని లేచి వచ్చేశాడు.

కానీ ఉన్నమాట చెప్పుకోవాలి. ఇంటికి తోలుకెళ్తుంటే దారిలో అతనికి సంతోషం వేసింది. ఇక బావ చెయ్యి కింద నిలబడక్కర్లేదు. ఎముకలు మొయ్యక్కర్లేదు. ఎవరికీ అబద్ధం చెప్పక్కర్లేదు, తన బండి మాత్రం శుభ్రంగా ఉంటుంది. ఈల కూడా వేశాడు. వాసన పోవాలని కిటికీ దింపుకుని మరీ వేశాడు.

భార్య సంగతి విని, పట్టా కిందపడేసి లేచి వచ్చింది. సంచి విప్పి, పిండి వేళ్ల మధ్య నలిపి, అతని ముక్కు దగ్గర పెట్టింది. "చూడండి." అతను చూశాడు. ఎండిన గోధుమల వాసన తప్ప ఏమీ లేదు. ఆవిడ కొత్త డబ్బా ఒకటి తుడిచి, ఆ పిండి పోసి, కొట్లో కొన్న మిల్లు పిండి ఉన్న పాత డబ్బా పక్కనే వంటింటి అరుగు మీద పెట్టింది.

"మీ చాదస్తం అన్నాను గానీ, అదే మనకి అన్నం పెడుతోంది చూశారా" అంది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

అప్పుడే రేడియో పిన్ని గిన్నె పట్టుకుని వచ్చింది. ఇది కొత్తేం కాదు, వారానికి రెండుసార్లు ఏదో ఒకటి అప్పుకి వస్తుంది, తిరిగి ఇస్తుంది కూడా.

"అమ్మాయ్, గుప్పెడు గోధుమ పిండి ఉంటే పెట్టవే. మా మనవరాలికి ఇవాళ్టి నుంచి జావ పట్టమన్నారు. ఆరో నెల వచ్చిందిగా. కొట్టుకి వెళ్లే ఓపిక లేదు."

"దానికేం పిన్నీ" అంటూ భార్య గిన్నె అందుకుని అరుగు దగ్గరికి వెళ్లింది.

అరుగు మీద రెండు డబ్బాలు. ఆవిడ చెయ్యి కొత్త డబ్బా మీదుగా వెళ్లి, పాత డబ్బా మూత తీసింది. ఆలోచించలేదు, తడుముకోలేదు. ఇల్లాలి చెయ్యి ఏ డబ్బా ఎవరికో తనంతట తాను తెలుసుకున్నట్టు వెళ్లింది. గిన్నె నిండా పోసి, పైన ఇంకో గుప్పెడు వేసి పిన్నికిచ్చింది. పిన్ని దీవించి వెళ్లిపోయింది.

ముక్కు పాత డబ్బా వైపే చూస్తున్నాడు. భార్య అతని చూపు గమనించింది.

"ఏంటలా చూస్తారు? పాతది అయిపోవాలా వద్దా? పారబోస్తామా?" అంది. అని, చేతిలో ఉన్న మూత వైపు చూసుకుంది. ఆవిడ మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది. మూత పెట్టలేదు, కింద పెట్టలేదు, అలాగే పట్టుకుని నిలబడింది.

అప్పుడొచ్చింది వాసన. పసుప్పచ్చటి, జిడ్డు వాసన. ఫ్యాక్టరీలో నాలుక మీద కూర్చున్నదే. బండి వీధి చివర ఉంది, విడిచిన బట్టలు పెరట్లో ఉన్నాయి. వాసన మాత్రం ఈ వంటింట్లో, ఈ అరుగు దగ్గర ఉంది. మిల్లు వాళ్లకి వేరే మర పెట్టుకోవడానికి ఎన్నేళ్లు పట్టిందో గానీ, తమ ఇంటికి ఒక పూట కూడా పట్టలేదు. భార్య మీద కోపం రాలేదు. తనూ ఈల వేసుకుంటూ వచ్చినవాడే.

"వెళ్లండి" అంది భార్య. "పాపకి పట్టేస్తుంది."

అతను పరిగెత్తాడు. పిన్ని వంటింట్లో స్టవ్ వెలిగించి, గిన్నెలో నీళ్లు పోస్తోంది. ఉయ్యాల్లో పాప తన కాలివేళ్లు నోట్లో పెట్టుకుని ఆడుకుంటోంది. ముక్కు పిండి గిన్నె లాక్కున్నాడు.

"అదేంటి అబ్బాయ్! గుప్పెడు పిండికి ఇంత గొడవా?"

"ఇది పట్టకండి పిన్నీ. మా ఇంట్లో వేరేది ఉంది, తెచ్చిస్తా. కొట్టులోది కూడా కొనకండి."

"ఎందుకని?"

ఈ ఎందుకనికి జవాబు చెప్తే ఈ రేడియోలో రాత్రికి సందు చివరికి, పొద్దుటికి బస్టాండుకి, రేపు మధ్యాహ్నానికి మిల్లు గేటుకి చేరుతుంది. కాగితం రాదు. ఎముకల లోడూ పోతుంది. ఎల్లుండి నుంచి బావ చెయ్యి భుజం మీద ఉంటుంది. ఇదంతా అతనికి స్పష్టంగా కనపడింది. దాంతోపాటు మేనేజరు మాట కూడా గుర్తొచ్చింది, తెలిసినవాళ్లని జాబితాలో చేర్చక తప్పదట. ఊరంతటికీ తెలిస్తే ఆ వెనక షెడ్డు మర ఎంతమందికి ఆడుతుందో చూద్దాం అనుకున్నాడు.

స్టవ్ ఆపేశాడు.

"ఎవరో చేశారని చెప్పడానికి రాలేదు పిన్నీ. ఇవాళ నా బండిలో కూడా ఎముకల జిడ్డు గోధుమలే వెళ్లాయి" అన్నాడు. "కూర్చోండి. మొదట్నుంచీ చెప్తాను. ఒక్క మాట కూడా మర్చిపోకండి."